దిగులు మీద పని ఎలా పనిచేస్తుంది?

దిగులుగా ఉన్నవాళ్ళకి మన ఇళ్ళలో దొరికే మొదటి సలహా ఒకటే. "ఊరికే కూర్చుంటే లేనిపోని ఆలోచనలే వస్తాయి. ఏదో ఒక పని చూసుకో, అదే పోతుంది." చెప్పేవాళ్ళు మంచికే చెబుతారు. వినేవాళ్ళు మాత్రం ఆ మాటతో ఇంకాస్త కుంగిపోతారు. పని చేస్తే మంచిదని వాళ్ళకి తెలియక కాదు. మంచం మీంచి లేవడానికే ఓపిక చాలని మనిషి ఇంకే పని చూసుకోవాలి?

చిక్కేమిటంటే, కుంగుబాటుకి మాటలతో చేసే చికిత్సల్లో గట్టి పరీక్షలకి నిలబడిన ఒకటి, పైకి చూస్తే అచ్చం ఈ సలహాలాగే ఉంటుంది. దాని పేరు బిహేవియరల్ యాక్టివేషన్. మానేసిన పనుల్లోకి, దూరమైన మనుషుల్లోకి రోగిని కొద్దికొద్దిగా మళ్ళీ తీసుకురావడమే అందులో ప్రధానమైన పని. అమెరికాలో, ఇంగ్లండులో, మన గోవాలో వందలాది రోగుల మీద దాన్ని పరీక్షించి చూశారు. పనిచేసింది.

ఇంట్లోవాళ్ళు చెబితే ఫలించని మాట చికిత్సగా ఎలా ఫలిస్తోంది? దీనికి జవాబు వెతికిన పరిశోధకులకి ఇంకో ప్రశ్న ఎదురైంది. ఈ చికిత్స చెయ్యడానికి పెద్ద డిగ్రీలే కావాలా?

ఉచ్చు బిగిసే తీరు

కుంగుబాటు మొదలవడానికి కారణాలు రకరకాలు. దగ్గరి మనిషి పోవడం, పంట మునగడం, కాన్పు తరవాత ఒంట్లో వచ్చే మార్పులు, వంశంలో ఉన్న లక్షణం. ఒక్కోసారి ఏ కారణమూ కనబడదు. అయితే మొదలైనది పోకుండా తిష్ఠ వేయడానికి ఒక పద్ధతి ఉంది. 1970లలో అమెరికాలోని ఆరెగాన్ విశ్వవిద్యాలయంలో పీటర్ లూయిన్‌సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దాన్ని దగ్గరగా పరిశీలించాడు.

మామూలు రోజుల్లో మనం చేసే పనులన్నీ మనసుకి ఎంతో కొంత తిరిగి ఇస్తూనే ఉంటాయి. కూర కుదిరితే ఒక తృప్తి, వీధిలో ఎవరైనా ఆగి పలకరిస్తే కాస్త హుషారు, అనుకున్న వేళకి పొలంలో నీళ్ళు పెట్టేస్తే ఒక నిశ్చింత. కష్టం వచ్చినప్పుడు ఇలాంటి పనులు కొన్ని ఆగిపోతాయి. వాటివల్ల దొరికే తృప్తీ ఆగిపోతుంది. తృప్తి లేని మనిషికి ఓపిక సన్నగిల్లుతుంది. ఓపిక లేదు కాబట్టి ఇంకో నాలుగు పనులు మానేస్తాడు. చివరికి రోజంతా మిగిలేది పడుకోవడం, తలుచుకున్నదే తలుచుకోవడం.

ఇందులో ఇంకో మెలిక ఉంది. బంధువుల ఇంట్లో పెళ్ళికి వెళ్ళాలి. నలుగురూ ఏమడుగుతారో అని బెంగ. "ఒంట్లో బాగాలేదు, మీరు వెళ్ళి రండి" అని ఇంట్లో ఉండిపోగానే గుండె ఒక్కసారిగా తేలికపడుతుంది. ప్రమాదమంతా ఆ తేలికలోనే ఉంది. తప్పుకుంటే హాయి అని మనసు పాఠం నేర్చుకుంటుంది. వచ్చే నెల గృహప్రవేశానికీ అదే చేస్తుంది, ఆ తరవాత పక్కింటికి వెళ్ళడానికీ అంతే. తప్పుకున్న ప్రతిసారీ ఆ పూట గడుస్తుంది గానీ, మనసుకి ఏదైనా దొరికే చోటు ఇంకొకటి మూతపడుతుంది. బయటినుంచి చూసేవాళ్ళకి ఇది బద్ధకంలా కనిపిస్తుంది. లోపల జరిగేది మాత్రం అలవాటు పడటం, అదీ చాలా సమర్థంగా.

ఈ ఉచ్చులో ఉన్న మనిషి మనసు బాగుపడ్డాక పని మొదలుపెడదామని ఎదురు చూస్తాడు. పని లేనిదే మనసు బాగుపడదు. ఎక్కడో ఒకచోట వరస తిరగబడాలి.

కషాయంలో ఏ దినుసు?

1970ల చివరికల్లా ఏరన్ బెక్ రూపొందించిన ఆలోచనల చికిత్స పేరు తెచ్చుకుంది. అందులో మూడు భాగాలు. రోగి చేత క్రమంగా పనులు మొదలుపెట్టించడం ఒకటి. "నేనెందుకూ పనికిరాను" లాంటి ఆలోచన వచ్చినప్పుడల్లా దాన్ని పట్టుకుని నిజమా కాదా అని పరీక్షించడం రెండోది. చిన్ననాటినుంచి లోపల పాతుకుపోయిన నమ్మకాలను కదిలించడం మూడోది. మొత్తం కలిసి బాగా పనిచేస్తోంది. అయితే తగ్గిస్తున్నది ఏ భాగం?

ఇంట్లో జలుబుకి కాచే కషాయం సంగతి చూడండి. మిరియాలు, శొంఠి, తులసి, బెల్లం అన్నీ పడతాయి. జలుబు తగ్గితే ఘనత ఎవరిదో చెప్పలేం. తెలుసుకోవాలంటే ఒకరికి మిరియాల నీళ్ళు, ఒకరికి మిరియాలూ శొంఠీ, ఇంకొకరికి పూర్తి కషాయం ఇచ్చి చూడాలి.

సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో నీల్ జేకబ్సన్ బృందం సరిగ్గా అదే చేసింది. కుంగుబాటుతో ఉన్న సుమారు 150 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి పనుల భాగం ఒక్కటే, రెండో గుంపుకి దానితోపాటు ఆలోచనల పరీక్ష, మూడో గుంపుకి మొత్తం చికిత్స. 1996లో ఫలితాలు వచ్చాయి. మూడు గుంపులూ దాదాపు ఒకేలా కోలుకున్నాయి. పనుల భాగం ఒక్కటే మొత్తం చికిత్సతో సమానంగా నిలిచింది.

జేకబ్సన్ 1999లో చనిపోయాడు. ఆయన మొదలుపెట్టిన పనిని సోనా డిమిడ్జియాన్, ఇతర సహచరులు కొనసాగించారు. 2006లో వెలువడిన వాళ్ళ అధ్యయనంలో, కుంగుబాటు తీవ్రంగా ఉన్నవాళ్ళలో ఈ చికిత్స మందులతో సమానంగా పనిచేసింది, ఆలోచనల చికిత్స కంటే మెరుగైంది.

ఇది మానసిక శాస్త్రంలో ఒక వాదన తేలడం మాత్రమే అయితే మనకి అంత పట్టింపు లేదు. ఆలోచనలను తరచి చూసి నమ్మకాలను కదిలించాలంటే ఏళ్ళ శిక్షణ కావాలి. ఆగిన పనులను క్రమంగా మొదలుపెట్టించడానికి అంత అక్కర్లేదు. చికిత్సలో కష్టమైన భాగాలు తీసేసినా ఫలితం తగ్గలేదంటే, దాన్ని చెయ్యగలిగేవాళ్ళ సంఖ్య ఒక్కసారిగా పెరిగినట్టే.

అరుగు మీద చికిత్స

పని ఎలా నడుస్తుందో ఒక ఊహించిన సందర్భంలో చూద్దాం. గోదావరి జిల్లాల్లో ఒక ఊరు. నలభై ఏళ్ళావిడ. నిద్ర లేదు, తిండి సహించదు, దేనిమీదా ఆసక్తి లేదు. ఊళ్ళోనే ఉండే, కొంత శిక్షణ పొందిన ఒక అమ్మాయి వారానికోసారి వచ్చి అరుగు మీద కూర్చుంటుంది.

మొదటి వారం సలహా ఏమీ ఉండదు. ఒక కాగితం మీద రోజును గంటలుగా గీసి ఇస్తుంది. ఏ వేళ ఏం చేసిందీ, అప్పుడు మనసెలా ఉందో పదికి ఎన్ని మార్కులో వేసుకోవాలి. చదువు రాకపోతే నవ్వు మొహం, ఏడుపు మొహం బొమ్మల్లో ఒకటి గుర్తు పెట్టుకుంటే చాలు.

రెండో వారం ఇద్దరూ ఆ కాగితం ముందేసుకుని చూస్తారు. తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా ఆవిడ చేతినిండా పనే. వంట, గేదె, అంట్లు, అత్తగారి మందులు. ఇలాంటి మనిషికి "ఏదో ఒక పని చూసుకో" అని చెప్పడం ఎంత అర్థంలేని మాటో అక్కడే తెలిసిపోతుంది. మార్కులు రెండు దాటనే లేదు. ఒక్క గురువారం సాయంత్రం మాత్రం ఐదు వేసుంది. ఆ పూట పక్కింటావిడ పిలిస్తే వెళ్ళి కూర్చుని మల్లెపూలు కట్టింది. అన్నిటికంటే తక్కువ పడింది మంగళవారం. డ్వాక్రా గ్రూపు మీటింగు రోజది. రెండు నెలలుగా ఆవిడ వెళ్ళడం లేదు. ఎందుకని తరచి అడిగితే తేలింది: ఒక వాయిదా కట్టలేకపోయింది, మొహం చూపించలేక మానేసింది.

"అక్కా, మీటింగుకి వద్దులే. లీడరు ఇంటికి ఒక్కసారి వెళ్ళి వాయిదా సంగతి మాట్లాడగలవా?"

"ఏమో అమ్మా, చూస్తాను."

"ఏ రోజు వెళ్తావు?"

"శనివారం."

"ఎన్నింటికి? నన్ను కూడా రమ్మంటావా, పక్కింటి పిన్నిని తోడు తీసుకెళ్తావా?"

చికిత్స అంతా ఈ ప్రశ్నల్లో ఉంది. చెయ్యాల్సిన పనిని చెయ్యగలిగేంత చిన్నది చేశారు. దానికి రోజు, వేళ, తోడు కుదిర్చారు. ఆ వేళకి మనసు బాగున్నా లేకపోయినా వెళ్ళాలి, ఎందుకంటే ఒప్పందం గడియారంతో, మనసుతో కాదు. పూలు కట్టడానికి వెళ్ళడం వారానికి రెండుసార్లయింది. వచ్చే వారం ఆ అమ్మాయి మళ్ళీ వస్తుంది. ఏమైందని అడుగుతుంది. వెళ్ళలేకపోతే తిట్టదు. అడ్డం ఏమొచ్చిందో కనుక్కుని పనిని ఇంకొంచెం చిన్నది చేస్తుంది.

బాక్స్: సలహాకీ చికిత్సకీ తేడా

- సలహా అందరికీ ఒకటే. చికిత్స ఆ మనిషి రోజులోంచే పని ఏరుతుంది. మనసుకి ఏదైనా తిరిగిచ్చే పని, లేదా తప్పుకుంటూ వచ్చిన పని.
- సలహా "మనసు గట్టి చేసుకో" అంటుంది. చికిత్స మనసు జోలికి ముందు పోదు. అడుగు పడ్డాక మనసు వెనకే వస్తుందన్నది దాని లెక్క.
- సలహాకి కొలత లేదు. చికిత్సలో పని ఎంత, ఎప్పుడు, ఎవరితో అన్నది ముందే తేలుతుంది.
- సలహా చెప్పినవాళ్ళు వెళ్ళిపోతారు. చికిత్స చేసేవాళ్ళు వచ్చే వారం వచ్చి అడుగుతారు.

డిగ్రీ లేకుండా చెయ్యొచ్చా?

ఈ ప్రశ్న మీద ఇంగ్లండులో ఒక పెద్ద పరీక్ష జరిగింది. కుంగుబాటుతో ఉన్న 440 మందిలో సగం మందికి అనుభవమున్న సైకోథెరపిస్టులు ఆలోచనల చికిత్స చేశారు. మిగతా సగం మందికి, థెరపిస్టులుగా చదవని జూనియర్ సిబ్బంది కొద్దిపాటి శిక్షణతో పనుల చికిత్స చేశారు. డేవిడ్ రిచర్డ్స్ బృందం 2016లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు ప్రచురించింది. ఏడాది తరవాత చూస్తే జూనియర్ల చికిత్స ఏమీ తీసిపోలేదు. ఖర్చు తక్కువైంది.

గోవా ప్రయోగం ఇంకో మెట్టు దిగింది. సైకియాట్రిస్టు విక్రమ్ పటేల్, ఆయన సహ వ్యవస్థాపకుడైన సంగాథ్ సంస్థ, సియాటిల్ బృందంలో పనిచేసిన డిమిడ్జియాన్ కలిసి ఇదే చికిత్సను మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకి సరిపడేలా మలిచారు. దానికి హెల్తీ యాక్టివిటీ ప్రోగ్రామ్ అని పేరు పెట్టారు. చికిత్స చేసింది స్థానికులు, మానసిక వైద్యంలో ఏ చదువూ లేనివాళ్ళు. రోగులు 495 మంది, అందరిదీ మధ్యస్థం దాటిన కుంగుబాటే. పది ఆరోగ్య కేంద్రాల్లో, ఆరు నుంచి ఎనిమిది విడతలుగా, ఒక్కో విడత సుమారు అరగంట. వీలు కాకపోతే రోగి ఇంటి దగ్గరే.

మూడు నెలల తరవాత ఈ చికిత్స అందినవాళ్ళలో 64 శాతం మంది కుంగుబాటు హద్దు దాటి బయటపడ్డారు. మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్ళలో అది 39 శాతం. ఏడాది తరవాతా ఆ మేలు నిలిచింది. పరిశోధకులు ఇంకో లెక్క కూడా తీశారు. కలిగిన మేలులో సగానికి పైగా, రోగులు నిజంగా పనుల్లోకి ఎంత తిరిగి వచ్చారన్న దానిమీదే ఆధారపడింది. అంటే మేలంతా ఓదార్పు మాటల వల్లే కలగలేదు. పనిచేస్తుందని అనుకున్న దినుసే పనిచేసింది.

వేరే పద్ధతులతో వేరే దేశాల్లోనూ ఇలాంటి ఫలితాలే కనిపించాయి. పాకిస్తాన్‌లోని రావల్పిండి పల్లెల్లో మన ఆశాలవంటి లేడీ హెల్త్ వర్కర్లు కుంగుబాటుతో ఉన్న గర్భిణుల ఇళ్ళకి వెళ్ళి మాట్లాడారు. కాన్పయిన ఆరు నెలలకి వాళ్ళలో కుంగుబాటు 23 శాతం మందిలో మిగిలితే, మిగతా తల్లుల్లో 53 శాతం మందిలో ఉంది. ఇది 2008 నాటి మాట. జింబాబ్వే రాజధాని హరారేలో డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్టు ఆ ఊరి అమ్మమ్మలకే శిక్షణ ఇచ్చి ఆస్పత్రి ఆవరణలో బెంచీ మీద కూర్చోబెట్టాడు. వాళ్ళు సమస్యను విడదీసి ఒక్కొక్కటీ పరిష్కరించుకునే పద్ధతి నేర్పుతారు. 2016లో వెలువడిన పరీక్షా ఫలితాల్లో అదీ గట్టిగా నిలబడింది.

నాణ్యత జారిపోకుండా

ఎవరైనా చెయ్యొచ్చు అనగానే ఎలాగైనా చెయ్యొచ్చు అనే ప్రమాదం వస్తుంది. మంచి మనసున్న మనిషి ఇంకొకరి బాధ వింటూ వింటూ మూడో వారానికి సలహాలు ఇవ్వడం మొదలుపెడుతుంది. "నా మాట విని ఆ మొగుడికి ఎదురు చెప్పకు" అంటుంది. అక్కడితో చికిత్స ఆగిపోయినట్టే. కాగితం, మార్కులు, శనివారం సాయంత్రం అన్నీ పక్కకి పోతాయి.

మామూలుగా దీనికి కాపలా ఒక నిపుణుడు. నిపుణుల కొరత వల్లే కదా ఈ ప్రయత్నమంతా, మరి కాపలాకి నిపుణుణ్ణి ఎక్కడినుంచి తేవాలి? గోవాలో దీనికొక ఉపాయం పరీక్షించారు. రోగి ఒప్పుకుంటే సంభాషణను రికార్డు చేస్తారు. కౌన్సెలర్లు గుంపుగా కూర్చుని ఒకరి రికార్డింగును అందరూ వింటారు. పని ఎంచడం సరిగ్గా చేసిందా, రోగి మాట మధ్యలో తుంచేసిందా, పోయిన వారం పని గురించి అడిగిందా అని ముందే రాసిపెట్టుకున్న ప్రశ్నలకి మార్కులు వేస్తారు. అవే రికార్డింగులకి నిపుణులూ మార్కులు వేశారు. రెండూ చాలావరకు కలిశాయి. కొద్దిపాటి పర్యవేక్షణతో తోటివాళ్ళే ఒకరి పని ఒకరు నిలబెట్టగలరని తేలింది.

ఈ పరిశోధనల్లో పత్రికలకెక్కేది కోలుకున్నవాళ్ళ శాతం. చదివే అధికారికి పనికొచ్చేది మాత్రం వారానికోసారి గుంపుగా కూర్చునే ఆ ఒక్క గంట. అది లేని కార్యక్రమంలో శిక్షణ పొందిన మనిషి ఆరు నెలల్లో మళ్ళీ పాత సలహాలకే చేరుకుంటుంది.

పశ్చిమ గోదావరిలో ట్యాబ్ పట్టిన ఆశాలు

చికిత్స సిద్ధంగా ఉన్నా, అది కావలసిన మనిషి ఎక్కడున్నారో తెలియాలి కదా. 2015-16లో నిమ్‌హాన్స్ నడిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం కుంగుబాటు ఉన్నవాళ్ళలో 80 శాతానికి పైగా ఏ వైద్యమూ అందుకోవడం లేదు. చాలామంది డాక్టరు దగ్గరికి ఒళ్ళు నొప్పులనో, గ్యాస్ అనో, నిద్ర పట్టట్లేదనో వెళ్తారు. ఆ మందులే తెచ్చుకుంటారు.

ఆ మనిషిని వెతికి పట్టుకోవడం మీద మన పశ్చిమ గోదావరి జిల్లాలోనే ఒక పరిశోధన జరిగింది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు పల్లబ్ మౌలిక్ నాయకత్వంలో స్మార్ట్ మెంటల్ హెల్త్ అనే పథకాన్ని ముందు కొన్ని గ్రామాల్లో, గిరిజన గూడేల్లో ప్రయత్నించారు. ఆశా కార్యకర్త ట్యాబ్ పట్టుకుని ఇంటింటికీ వెళ్తుంది. గడిచిన రెండు వారాల్లో నిద్ర ఎలా ఉంది, ఆసక్తి ఎలా ఉంది, బతుకు మీద విసుగు కలిగిందా అని తొమ్మిది ప్రశ్నలు అడుగుతుంది. జవాబులు నొక్కితే ట్యాబే లెక్క కడుతుంది. మార్కులు హద్దు దాటితే ఆ వివరాలు ఆరోగ్య కేంద్రం డాక్టరుకి వెళ్తాయి. సైకియాట్రీ చదవని ఆ డాక్టరుకి ఏం అడగాలో, ఏ మందు ఎప్పుడు మొదలుపెట్టాలో ఇంకో ట్యాబ్ వరసగా చూపిస్తుంది. ఆ తరవాత ఎవరింటికి ముందు వెళ్ళి కనుక్కోవాలో ఆశాకి జాబితా వస్తుంది.

దీనితోపాటు ఊళ్ళో నాటకాలు ఆడారు, కోలుకున్న మనిషి స్వయంగా మాట్లాడిన వీడియో చూపించారు. పిచ్చి అంటారేమోనన్న భయం పోకపోతే ట్యాబ్ ఎంత తెలివైనదైనా తలుపు తెరుచుకోదు. తరవాత ఈ పథకాన్ని పశ్చిమ గోదావరిలోనూ హర్యానాలోనూ కలిపి 44 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో పెద్ద పరీక్షగా నడిపారు. పథకం అమలైన చోట ఏడాది తరవాత కుంగుబాటు మార్కులు మిగతా చోట్ల కంటే తగ్గాయి.

ట్యాబ్ ఇక్కడ ఎవరికీ చికిత్స చెయ్యలేదు. మరిచిపోకుండా అడిగింది, లెక్క తప్పకుండా కట్టింది, వెళ్ళాల్సిన ఇల్లు గుర్తు చేసింది. మానసిక ఆరోగ్యంలో టెక్నాలజీ ఇప్పటిదాకా బాగా నిరూపించుకున్న పని ఇలాంటిదే. మధ్యప్రదేశ్‌లోని సీహోర్ జిల్లాలో గోవా చికిత్సను ఆశాలకు స్మార్ట్‌ఫోన్ పాఠాలతో నేర్పే పరిశోధనలూ జరిగాయి. వెతికి పట్టే పశ్చిమ గోదావరి పద్ధతినీ, మాటలతో నయం చేసే గోవా పద్ధతినీ ఒకే ఆరోగ్య కేంద్రంలో కలిపితే గొలుసు పూర్తవుతుంది.

బాక్స్: డాక్టరు తప్పనిసరి ఎప్పుడు?

- చనిపోవాలనే ఆలోచన ఉంటే ఆ రోజే సాయం తీసుకోవాలి. ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు. పురుగుమందు అందుబాటులో ఉంచకూడదు.
- లేని మాటలు వినబడటం, ఎవరో హాని చేస్తున్నారన్న గట్టి అనుమానం, రోజుల తరబడి నిద్ర లేకుండా విపరీతమైన హుషారు ఉంటే అది వేరే జబ్బు కావచ్చు. సైకియాట్రిస్టు చూడాలి.
- తిండి, నీళ్ళు మానేసినా, కొన్ని వారాల మాటల చికిత్సతో మార్పు లేకపోయినా మందుల అవసరం ఉండొచ్చు. వాడుతున్న మందులు సొంతంగా ఆపకూడదు.
- కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416. ఉచితం. తెలుగులో మాట్లాడవచ్చు.

ఇక మిగిలింది ఎవరి పని?

ఈ చికిత్సలు అందరికీ పనిచెయ్యవు. గోవాలో చికిత్స అందినా మూడోవంతుకి పైగా మూడు నెలలకి కోలుకోలేదు. వాళ్ళ కోసం సైకియాట్రిస్టు కావాలి. ఆరోగ్య కేంద్రం స్థాయిలో నయమయ్యేవాళ్ళు అక్కడే నయమైతేనే ఆ సైకియాట్రిస్టుకి వీళ్ళని చూసే తీరిక దొరుకుతుంది. అప్పులు, ఇంట్లో హింస, తాగుడు ఉన్నచోట మార్కుల కాగితం ఒక్కటే సరిపోదన్నది కూడా నిజమే. తాగుడు మీద గోవాలోనే విడిగా కౌన్సెలింగ్ పద్ధతి తయారుచేసి పరీక్షించారు.

ఇక్కడినుంచి ప్రశ్న మనస్తత్వ శాస్త్రం దాటి పాలనలోకి వస్తుంది. ఆశా చేతిలో ఇప్పటికే గర్భిణులు, టీకాలు, టీబీ, బీపీ, షుగరు సర్వేలు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి ఆమెకి నెలకి 10,000 రూపాయల గౌరవ వేతనం ఇస్తున్నారు. దానిమీద వారానికి అయిదారు ఇళ్ళలో అరగంట చొప్పున కౌన్సెలింగు, ఒక గంట రికార్డింగులు వినడం కలిపితే అది కొత్త ఉద్యోగమే. ఊరికే ఇంకో రిజిస్టరు చేతిలో పెడితే తొమ్మిది ప్రశ్నలకీ తొమ్మిది సున్నాలు పడతాయి, ఊళ్ళో కుంగుబాటే లేదని నివేదిక వెళ్తుంది.

ఏ భాగం పనిచేస్తుందో, ఎవరి చేత చేయించవచ్చో, ఎలా నిలబెట్టవచ్చో పరిశోధకులు తేల్చారు. అందుకు పాతికేళ్ళు పట్టింది. ఆ కార్యకర్త సమయానికి విడిగా జీతం, ఆ వారపు గంటకి ఒక గది, ఆరోగ్య కేంద్రంలో అవసరమైన మందుల నిల్వ అన్నవి మాత్రం ఏ ప్రయోగశాలలోనూ తేలవు. జిల్లా ఆరోగ్య బడ్జెట్‌లో వాటికి ఒక పద్దు రాయాలి.